కాంబినేషన్ మైక్రోవేవ్ ఓవెన్‌ను ఇంట్లో సురక్షితంగా వాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మామూలు మైక్రోవేవ్ ఓవెన్‌ను ఏళ్ళ తరబడి వాడి చేయి తిరిగినవారు కూడా, కన్వెక్షన్ (వేడిగాలితో కాల్చే పద్ధతి) కలిసిన ఓవెన్ ఇంటికి వచ్చిన కొత్తలో తడబడుతుంటారు. పైకి ఒకే పెట్టెలా కనిపించే ఈ ఉపకరణంలో పని తీరు వేరువేరుగా ఉండే రెండు మూడు యంత్రాలు ఇమిడి ఉన్నాయి. ఒకదానికి చక్కగా సరిపోయే పాత్ర మరొకదానిలో కరిగిపోవచ్చు, లేదా నిప్పురవ్వలు రాల్చవచ్చు. ఈ ఓవెన్ దగ్గర జరిగే పొరపాట్లను పరిశీలిస్తే చాలావాటి మూలం అక్కడే తేలుతుంది. అందుకే కింది జవాబుల్లో చాలా చోట్ల ‘ఏ మోడ్‌లో’ అన్న మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. మీ మోడల్‌తో పాటు వచ్చిన సూచనల పుస్తకం ఎక్కడైనా దీనికి భిన్నంగా చెబితే, ఆ పుస్తకం మాటనే పాటించండి.

ఈ ఓవెన్‌లో ఉండే మోడ్‌లు ఏమిటి? అవి ఒకదానితో ఒకటి ఎలా వేరుపడతాయి?

మైక్రోవేవ్ మోడ్‌లో మాగ్నెట్రాన్ అనే పరికరం 2450 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల తరంగాలను పుట్టిస్తుంది. వాటి తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. ఈ తరంగాలు ఆహారంలోని నీటి అణువులను కుదిపి వేడి పుట్టిస్తాయి. అయితే అవి పదార్థంలోకి రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే బలంగా చొచ్చుకుపోగలవు. అంతకన్నా లోపలి భాగం ఉడకాలంటే వెలుపలి పొరల వేడి నెమ్మదిగా లోపలికి పాకాలి. మైక్రోవేవ్ లోపలి నుంచి బయటికి ఉడికిస్తుందన్న మాట చాలాకాలంగా చలామణిలో ఉన్నా, అది నిజం కాదు. ఈ మోడ్‌లో ఓవెన్ గోడలు దాదాపు చల్లగానే ఉంటాయి.

గ్రిల్ మోడ్‌లో పైకప్పు దగ్గర ఉన్న కడ్డీ ఎర్రగా కాలి, పదార్థం పైభాగాన్ని నేరుగా సెగతో కాలుస్తుంది. కన్వెక్షన్ మోడ్‌లో వేరొక కడ్డీ గాలిని వేడిచేస్తే, ఒక ఫ్యాను ఆ గాలిని లోపలంతా తిప్పుతుంది. మోడల్‌ను బట్టి ఉష్ణోగ్రత 200 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ వరకు వెళ్తుంది. ఇక్కడ గోడలు, తలుపు లోపలి గాజు, పళ్ళెం, పాత్ర అన్నీ ఒకే తీరున కాలుతాయి. కాంబినేషన్ మోడ్‌లో మైక్రోవేవ్ తరంగాలు, వేడిగాలి (లేదా గ్రిల్) ఒకేసారి గానీ ఒకదాని తర్వాత ఒకటిగా గానీ పనిచేస్తాయి. కాబట్టి కాంబినేషన్‌లో పెట్టే పాత్ర రెండు పరీక్షలకూ నిలబడాలి: తరంగాలను అడ్డుకోకూడదు, రెండు వందల డిగ్రీల వేడికి చెదరకూడదు.

ఏ మోడ్‌లో ఏ పాత్రలు వాడాలి?

మిగిలిన ప్రశ్నలు చదివే తీరిక లేనివారు కనీసం ఈ ఒక్క జవాబైనా పూర్తిగా చదవాలని నా మనవి.

మైక్రోవేవ్ మోడ్‌కు గాజు, లోహపు అంచులు లేని పింగాణీ, ‘మైక్రోవేవ్ సేఫ్’ అని ముద్రించిన ప్లాస్టిక్ పనికివస్తాయి. స్టీలు, అల్యూమినియం, ఇత్తడి, రాగి పాత్రలు పనికిరావు. బంగారు లేదా వెండి గీత ఉన్న కప్పులు, పళ్ళేలు కూడా లోహపు పాత్రల కిందికే వస్తాయి. వెంట్రుకవాసి గీతే కదా అని పెడితే ఆ గీత వెంట చిటపటమంటూ మెరుపులు వచ్చి రంగు మాడిపోతుంది. మెలమైన్ పళ్ళేలు చూడడానికి పింగాణీలా ఉన్నా, తరంగాలకు తామే వేడెక్కుతాయి కనుక వాటినీ దూరంగా ఉంచాలి.

కన్వెక్షన్ మోడ్‌లో లెక్క తారుమారవుతుంది. కేకు టిన్నులు, లోహపు ట్రేలు ఇక్కడ నిరభ్యంతరంగా వాడవచ్చు, పైగా అవే మంచి ఫలితమిస్తాయి. ప్లాస్టిక్ మాత్రం ఏ రకమైనా కూడదు. మైక్రోవేవ్ డబ్బాల తయారీలో విరివిగా వాడే పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కన్వెక్షన్‌లో కేకు కాల్చే ఉష్ణోగ్రత అంతకన్నా ఎక్కువే. డబ్బా అడుగున ఉన్న ‘మైక్రోవేవ్ సేఫ్’ అన్న ముద్ర వేడిగాలికి ఏ హామీ ఇవ్వదు. ఈ ఒక్క ముద్రను నమ్మి మోసపోయేవారే ఎక్కువ.

కాంబినేషన్ మోడ్‌కు మిగిలేవి కొన్నే: ఓవెన్ వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజు, అలాగే అధిక వేడికి తగినవని తయారీదారు చెప్పిన పింగాణీ, సెరామిక్ పాత్రలు. సిలికాన్ అచ్చులను వాటిపై ముద్రించిన ఉష్ణోగ్రత పరిమితి లోపల వాడుకోవచ్చు. లోహపు టిన్నులను కాంబినేషన్‌లో అనుమతించే మోడళ్ళు కొన్ని ఉన్నాయి గానీ, మీ పుస్తకంలో ఆ సంగతి స్పష్టంగా రాసి ఉంటే తప్ప వాడకపోవడమే మేలు. ఓవెన్‌కు తగిన మంచి గాజు గిన్నె ఒకటి దగ్గర ఉంటే ఏ మోడ్‌లో ఉన్నామన్న బెంగ సగం తీరిపోతుంది. అయితే గాజుకు ఒక బలహీనత ఉంది: ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెను తిన్నగా వేడి ఓవెన్‌లో పెట్టినా, కాలిన గిన్నెను తడి గట్టుమీద దించినా అది పగలవచ్చు.

కాగితం విషయానికి వస్తే, మైక్రోవేవ్ మోడ్‌లో కొద్దిసేపు పేపర్ టవల్ కప్పవచ్చు. వార్తాపత్రికలు, రీసైకిల్ చేసిన కాగితం వద్దు. వాటిలో సూక్ష్మమైన లోహపు రేణువులు ఉండి మంట అంటుకునే అవకాశం ఉంది. కన్వెక్షన్‌లో బేకింగ్ పార్చ్‌మెంట్ వాడేటప్పుడు దాని అంచులు పాత్ర దాటి బయటికి రాకుండా కత్తిరించాలి. ఫ్యాను గాలికి పైకి లేచిన కాగితపు అంచు గ్రిల్ కడ్డీని తాకితే చాలు, అంటుకుంటుంది.

ఓవెన్‌తో పాటు వచ్చిన లోహపు ర్యాక్‌ను మైక్రోవేవ్ మోడ్‌లో వాడవచ్చా?

కేవలం మైక్రోవేవ్ మోడ్‌లో వాడవద్దనే చాలా పుస్తకాలు చెబుతాయి. గ్రిల్, కన్వెక్షన్ మోడ్‌లకే కాక, ఎక్కువ మోడళ్ళలో కాంబినేషన్‌కు కూడా ఆ ర్యాక్‌నే వాడమంటారు. ఇతర లోహాలు పనికిరాని చోట ఇది ఎలా పనికివస్తుందన్న సందేహం సహజమే. దాని కడ్డీల మందం, గుండ్రటి అంచులు, కాళ్ళ ఎత్తు ఆ ఓవెన్ కొలతలకు తగినట్టు ముందే పరీక్షించి చేసినవి కనుకనే అది అక్కడ ఇమిడింది. కాబట్టి ఒక కంపెనీ ఓవెన్ ర్యాక్‌ను మరో ఓవెన్‌లో పెట్టకూడదు. ర్యాక్ మీద లోహపు టిన్ను పెట్టి పొరపాటున కాంబినేషన్ నొక్కితే, ఆ రెండు లోహాల మధ్య సన్నటి సందులో మెరుపులు పుడతాయి.

పాత్ర అడుగున ఏ గుర్తూ లేకపోతే ఎలా తెలుసుకోవాలి?

ఖాళీ పాత్రను ఓవెన్‌లో ఉంచి, దాని పక్కన మైక్రోవేవ్‌కు పనికివస్తుందని తెలిసిన కప్పులో నీళ్ళు పెట్టి, పూర్తి శక్తితో ఒక నిమిషం నడపండి. నీళ్ళు వేడెక్కి పాత్ర చల్లగా ఉంటే అది మైక్రోవేవ్‌కు తగినదే. పాత్రే వేడెక్కితే తగదు. లోహం ఉందని అనుమానమున్న వాటికి ఈ పరీక్ష చేయరాదు. కన్వెక్షన్ వేడికి పాత్ర తట్టుకుంటుందా లేదా అన్నది ఈ పరీక్షలో తేలదు.

కన్వెక్షన్‌లో వంట పూర్తయిన వెంటనే మైక్రోవేవ్ మోడ్ వాడవచ్చా?

యంత్రానికి ఇబ్బంది లేదు గానీ, పాత్రకు ఉంది. కేకు కాల్చి బయటికి తీసిన ఐదు నిమిషాలకు ఇంట్లో మరొకరు వచ్చి ప్లాస్టిక్ డబ్బాలో మిగిలిన అన్నం వేడిచేసుకోబోతారు. వారు నొక్కింది మైక్రోవేవ్ బటన్నే, డబ్బా మీద మైక్రోవేవ్ గుర్తూ ఉంది. కానీ డబ్బా కింద ఉన్న గాజు పళ్ళెం ఇంకా వంద డిగ్రీలకు పైనే ఉండవచ్చు. డబ్బా అడుగు మెత్తబడి పళ్ళేనికి అతుక్కుపోతుంది. కాంబినేషన్ ఓవెన్‌కు మాత్రమే ప్రత్యేకమైన ఈ ప్రమాదాన్ని పుస్తకాలు తగినంతగా నొక్కి చెప్పవని నాకనిపిస్తుంది. నలుగురు వాడే ఓవెన్ అయితే, కన్వెక్షన్ వాడినవారు ‘లోపల వేడిగా ఉంది’ అని ఒక చీటీ తలుపుకు అంటించి వెళ్ళడం చాదస్తమేమీ కాదు. తొందరగా వాడవలసి వస్తే గాజు గిన్నెలోకి మార్చి వేడిచేసుకోవాలి.

ఓవెన్‌ను ఖాళీగా నడపకూడదంటారు. మరి ప్రీహీట్ చేసేటప్పుడు అది ఖాళీగానే ఉంటుంది కదా?

ఖాళీగా నడపకూడదన్న నియమం మైక్రోవేవ్ తరంగాలు వెలువడే మోడ్‌లకు మాత్రమే వర్తిస్తుంది. తరంగాల శక్తిని పీల్చుకోవడానికి లోపల ఆహారం గానీ నీరు గానీ లేకపోతే, ఆ శక్తి గోడలకు తగిలి తిరిగి మాగ్నెట్రాన్ వైపే మళ్ళుతుంది. మాగ్నెట్రాన్ విపరీతంగా వేడెక్కి దెబ్బతినవచ్చు. కన్వెక్షన్ ప్రీహీట్‌లో తరంగాలే ఉండవు కనుక ఖాళీగా వేడిచేయడం సరైన పద్ధతే. ప్రీహీట్ అనుకుని కాంబినేషన్ గానీ మైక్రోవేవ్ గానీ నొక్కితేనే చిక్కు. స్టార్ట్ నొక్కే ముందు తెరపై వెలిగిన గుర్తును చూడడం అలవాటు చేసుకోండి: అలల గుర్తు సాధారణంగా మైక్రోవేవ్‌కు, ఫ్యాను రెక్కల గుర్తు కన్వెక్షన్‌కు వాడతారు, రెండూ కలిసి వెలిగితే కాంబినేషన్ అన్నమాట.

మైక్రోవేవ్ తరంగాలు బయటికి వచ్చి మనుషులకు హాని చేస్తాయా?

తలుపు, దాని బిగింపు బాగున్న ఓవెన్ విషయంలో భయపడవలసిన పనిలేదు. తలుపు గాజులో కనిపించే లోహపు జల్లెడ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. 12 సెంటీమీటర్ల తరంగం వాటిగుండా దూరిపోలేదు, వెలుతురు తరంగాలు మాత్రం అతి చిన్నవి కనుక లోపలి వంట మనకు కనిపిస్తుంది. తలుపు తెరవగానే తరంగాల ఉత్పత్తి ఆగిపోయేలా ఒకటికి మించిన స్విచ్‌లు, వాటిలో ఏదైనా పాడైతే ఓవెన్‌ను నిలిపివేసే మరో ఏర్పాటు ఉంటాయి. స్విచ్ తీయగానే దీపం వెలుతురు మాయమైనట్టే ఈ తరంగాలూ మాయమవుతాయి. ఆహారంలో గానీ గోడల్లో గానీ మిగిలి ఉండవు. ఇవి ఎక్స్‌రేల వంటి అయనీకరణ వికిరణం కావు, ఆహారాన్ని రేడియోధార్మికం చేయవు.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిబంధన ప్రకారం ఓవెన్ జీవితకాలం మొత్తంలో ఉపరితలానికి 5 సెంటీమీటర్ల దూరాన వెలువడే శక్తి చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించరాదు. దూరం పెరిగేకొద్దీ ఆ శక్తి వేగంగా తగ్గుతుంది. అరమీటరు దూరంలో 5 సెంటీమీటర్ల దగ్గర ఉన్నదానిలో సుమారు నూరో వంతే ఉంటుంది. నడుస్తున్న ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి చూడవలసిన అవసరం ఎవరికీ ఉండదు గనుక, ఒక అడుగు వెనక్కి నిలబడితే చాలు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. జనం తరంగాలకు భయపడినంతగా 220 డిగ్రీల గోడలకు భయపడరు. ఈ ఓవెన్ దగ్గర చేతులు కాలేది మాత్రం ఆ గోడల వల్లనే.

ఫోన్‌ను ఓవెన్‌లో పెట్టి రింగ్ చేస్తే లీకేజీ తెలుస్తుందంటారు, నిజమేనా?

కాదు. ఓవెన్ తలుపు అడ్డుకోవలసింది తన 2450 మెగాహెర్ట్జ్ తరంగాలను. ఫోన్ సంకేతాలు చాలావరకు వేరే పౌనఃపున్యాలలో ఉంటాయి. పైగా ఫోన్ అత్యంత బలహీనమైన సంకేతాన్ని కూడా అందుకునేలా తయారైనది. కాబట్టి ఫోన్ మోగడం లీకేజీకి రుజువు కాదు, మోగకపోవడం భద్రతకు రుజువు కాదు. పొరపాటున ఫోన్ లోపల ఉండగానే స్టార్ట్ నొక్కితే మాత్రం నష్టం ఖాయం. ఓవెన్ నడిచేటప్పుడు వైఫై మందగించడం కూడా అటువంటిదే: రెండూ దాదాపు ఒకే పౌనఃపున్యం దగ్గర పనిచేస్తాయి, వైఫై సంకేతం చాలా బలహీనమైనది, అందువల్ల అనుమతించిన పరిమితిలోని స్వల్ప లీకేజీకే అది చెదురుతుంది.

గర్భవతులు, పేస్‌మేకర్ ఉన్నవారు వాడవచ్చా?

వాడవచ్చు. ఇప్పటి పేస్‌మేకర్లకు ఇటువంటి తరంగాల నుంచి తగిన రక్షణ ఉంటుంది. అయినా ఓవెన్ దగ్గర కళ్ళు తిరిగినట్టు అనిపిస్తే దూరంగా జరిగి, డాక్టరుకు చెప్పాలి.

మైక్రోవేవ్‌లో కాచిన నీళ్ళు ఒక్కసారిగా ఎగజిమ్ముతాయని విన్నాము. ఎందుకు?

పొయ్యి మీద నీళ్ళు కాగేటప్పుడు గిన్నె అడుగున బుడగలు పుట్టి పైకి వస్తుంటాయి. నున్నటి గాజు కప్పులో శుభ్రమైన నీటిని మైక్రోవేవ్‌లో పెడితే, బుడగలు మొదలవడానికి గరుకు చోటు దొరకక, నీరు మరగకుండానే 100 డిగ్రీలు దాటిపోవచ్చు. చూడడానికి నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి, కాగలేదేమోనని అనిపిస్తుంది. అటువంటి కప్పును కదిపినా, అందులో చెంచా ముంచినా, కాఫీ పొడి వేసినా ఆగి ఉన్న మరుగు ఒక్క క్షణంలో మొదలై, నీరు ముఖం మీదికి, చేతుల మీదికి ఎగజిమ్ముతుంది. కాలిన గాయాలు తీవ్రంగా ఉంటాయి.

దీనికి మందు తేలిక. నీళ్ళను అవసరానికి మించి కాయకండి. ఒకసారి కాగిన నీటిని కదపకుండా మళ్ళీ కాయకండి. పెట్టేటప్పుడే కప్పులో ఒక చెక్క పుల్ల గానీ చెక్క చెంచా గానీ వేసి ఉంచితే దాని గరుకు ఒంటిమీద బుడగలు పుడతాయి. ఓవెన్ ఆగాక కనీసం ఒక నిమిషం ఆగి, ముఖం పక్కకు పెట్టి తీయండి. నీళ్ళ కోసమైతే కెటిల్ వాడడమే ఉత్తమమని నా అభిప్రాయం.

గుడ్లు, బంగాళాదుంపలు పేలతాయా?

పేలతాయి. ఆవిరి బయటపడే దారిలేని ఏ పదార్థమైనా పేలుతుంది: పెంకుతో ఉన్న గుడ్డు, తొక్క తీయని బంగాళాదుంప, టమోటా, బిగుతుగా మూత పెట్టిన సీసా. దుంపలకు ఫోర్కుతో నాలుగైదు చోట్ల గాట్లు పెట్టాలి, మూతలను వదులు చేయాలి. గుడ్డు విషయంలో మరొక మెలిక ఉంది. ఉడికించి పెంకు తీసిన గుడ్డును మళ్ళీ మైక్రోవేవ్‌లో వేడిచేస్తే, అది ఓవెన్‌లో బుద్ధిగా కూర్చుని, బయటికి తీశాక చెంచా గుచ్చినప్పుడో పంటితో కొరికినప్పుడో పేలవచ్చు. పచ్చసొనలో చిక్కుకున్న నీటి బిందువులు మరుగు దాటి వేడెక్కి ఉండడమే కారణం. ఉడికిన గుడ్డును వేడి నీళ్ళలో ఉంచి వెచ్చబెట్టుకోండి, లేదా ముక్కలుగా కోసి వేడిచేయండి.

పసిపిల్లల పాలసీసాను ఇందులో వేడిచేయవచ్చా?

వద్దు. సీసా పైకి గోరువెచ్చగా ఉన్నా లోపల పాలు ఒకచోట నోరు కాలేంత వేడిగా ఉండవచ్చు. సీసాను వేడి నీళ్ళ గిన్నెలో ఉంచి వెచ్చబెట్టి, బాగా కలిపి, ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని చూడాలి.

మిగిలిన ఆహారాన్ని, గడ్డకట్టిన ఆహారాన్ని వేడిచేసేటప్పుడు ఏం గమనించాలి?

మైక్రోవేవ్ వేడి అన్ని చోట్లా సమానంగా పడదు. లోపల తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్నిచోట్ల బలంగా, కొన్నిచోట్ల బలహీనంగా ఉంటాయి. పళ్ళెం తిరిగేది ఆ తేడాను తగ్గించడానికే. అయినా గిన్నె నడిమధ్యన చల్లటి భాగం మిగిలిపోతుంటుంది, సూక్ష్మక్రిములు బతికి ఉండేది అక్కడే. కాబట్టి ఆహారాన్ని ఒకే మందంలో పరచి, మూత వదులుగా పెట్టి, మధ్యలో ఒకసారి ఆపి కలపాలి. పాత ఆహారాన్ని లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్ చేరే వరకు వేడిచేయాలన్నది ఆహార భద్రతలో స్థిరపడిన ప్రమాణం. వంటింటి థర్మామీటరు ఉంటే మధ్యలో గుచ్చి చూడండి. అయితే ఓవెన్ నడుస్తుండగా లోపల ఉంచేది ఆ ఓవెన్‌కోసం ఇచ్చిన ప్రోబ్ (ఆహారంలో గుచ్చి ఉష్ణోగ్రత కొలిచే పుల్ల) మాత్రమే అయి ఉండాలి.

ఓవెన్ ఆగాక రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచమని పుస్తకాలు చెప్పేది మర్యాదకు కాదు. వెలుపలి పొరల వేడి మధ్యకు చేరి వంట పూర్తయ్యేది ఆ వ్యవధిలోనే. డీఫ్రాస్ట్ చేసిన మాంసం అంచులు అప్పటికే కొంత ఉడికి, క్రిములు పెరగడానికి అనువైన వెచ్చదనంలో ఉంటాయి కనుక, దాన్ని వెంటనే వండాలి. మళ్ళీ ఫ్రీజర్‌లోకి నెట్టకూడదు. కాంబినేషన్‌లో మాంసం కాల్చేటప్పుడు పైభాగం బంగారు రంగు తిరగడం చూసి ఉడికిందని అనుకోకండి. రంగు తెచ్చేది వేడిగాలి. లోపల ఉడికిందో లేదో అది చెప్పదు.

ఓవెన్‌లో నూనె కాచి వేపుడు చేయవచ్చా?

ఏ మోడ్‌లోనూ చేయవద్దు. నూనె ఉష్ణోగ్రత అదుపులో ఉండదు, పాత్ర పగలవచ్చు, నూనె అంటుకోవచ్చు.

గిన్నెలో లోహమేమీ లేకపోయినా లోపల మెరుపులు వస్తున్నాయి. ఎందుకు?

ముందుగా ఓవెన్ ఆపి, లోపలి గోడను, చాలా మోడళ్ళలో కుడివైపు గోడను, పరిశీలించండి. అక్కడ బూడిద లేదా గోధుమ రంగులో, అట్టముక్కలా కనిపించే పలుచటి రేకు ఒకటి ఉంటుంది. అది మైకా రేకు. తరంగాలు లోపలికి వచ్చే దారిని ఆవిరి నుంచి, నూనె తుంపర్ల నుంచి కాపాడుతుంది. దాన్ని ప్యాకింగ్ అట్ట అనుకుని కొత్తలోనే పీకి పారేసేవారున్నారు! దాని మీద నూనె చింది మాడితే ఆ మచ్చ కార్బన్‌గా మారి, తరంగాలను పీల్చుకుని, ఎర్రగా కాలి మెరుపులు విసురుతుంది. మచ్చ చిన్నదిగా ఉండగానే తడిగుడ్డతో సున్నితంగా తుడిచేస్తే సరిపోతుంది. రేకు కాలి చిల్లుపడితే మార్పించే వరకు మైక్రోవేవ్, కాంబినేషన్ మోడ్‌లు వాడకూడదు.

లోపలి గోడల పెయింటు పెచ్చులూడి లోహం బయటపడినా, ర్యాక్ మరచిపోయి లోపలే వదిలినా ఇదే జరుగుతుంది. చిత్రమేమిటంటే సగానికి కోసిన ద్రాక్షపండు కూడా మెరుపులు పుట్టించగలదు. ఆ పండు పరిమాణం, అందులోని నీరు కలిసి తరంగాలను ఒకచోట కేంద్రీకరించడమే కారణమని 2019లో ప్రచురితమైన భౌతికశాస్త్ర పరిశోధన వివరించింది. ఇంట్లో ప్రయత్నించి చూడవలసిన వింత మాత్రం కాదు.

ఓవెన్ లోపల మంట కనిపిస్తే ఏం చేయాలి?

తలుపు తెరవకండి. ఓవెన్‌ను ఆపి, గోడ స్విచ్ తీసి, ప్లగ్ చేతికి సురక్షితంగా అందితే లాగేయండి. అందకపోతే మెయిన్ ఆపండి. లోపలి గాలిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట తనంతట తానే ఆరిపోతుంది. తలుపు తెరిస్తే కొత్త గాలి తగిలి మంట బయటికి ఎగుస్తుంది. నీళ్ళు చల్లకండి. మంట తగ్గకపోయినా, బయటికి పాకినా ఇల్లు ఖాళీచేసి అగ్నిమాపక దళాన్ని పిలవాలి. మంట ఆరాక కూడా ఓవెన్ పూర్తిగా చల్లబడే వరకు తెరవవద్దు. ఆపైన సర్వీసు మనిషి చూసే వరకు వాడవద్దు.

ఎక్కడ పెట్టాలి? ఎటువంటి సాకెట్ కావాలి?

వేడిగాలి మోడ్ ఉన్నందువల్ల ఈ ఓవెన్ బయటి గోడలు కూడా మామూలు మైక్రోవేవ్‌కన్నా ఎక్కువ కాలుతాయి. పైన, వెనుక, పక్కల ఎంత జాగా వదలాలో పుస్తకంలో కొలతలతో రాసి ఉంటుంది. అరలో సరిగ్గా ఇమిడింది కదా అని దూర్చి పెట్టడం తగదు. పైన గుడ్డ కప్పడం, బిస్కెట్ డబ్బాలు పేర్చడం, గాలి రంధ్రాల ఎదుట కర్టెను వేలాడడం అన్నీ ప్రమాదమే. మరో సంగతి: ఓవెన్ తలుపు గడ్డం ఎత్తుకు మించకూడదు. కాగే పులుసు గిన్నెను తలకన్నా ఎత్తు నుంచి దించుకోవడం ఎంతటి నేర్పరికైనా కష్టమే.

విద్యుత్తు విషయంలో పెట్టెమీద పెద్ద అక్షరాలతో రాసిన అంకె తరచుగా తప్పుదారి పట్టిస్తుంది. 900 వాట్లు అన్నది ఆహారానికి చేరే మైక్రోవేవ్ శక్తి. అందుకోసం ఓవెన్ సాకెట్ నుంచి సుమారు 1400 వాట్లు తీసుకుంటుంది. కన్వెక్షన్, కాంబినేషన్ మోడ్‌లలో అది 2000 వాట్లు దాటడం మామూలే. 230 వోల్టుల సరఫరాలో 2300 వాట్లంటే 10 ఆంపియర్ల కరెంటు, అదీ అరగంట, ముప్పావుగంట ఏకధాటిగా. ఎక్స్‌టెన్షన్ బోర్డులు, మల్టీప్లగ్‌లు ఆ భారం మోయలేక కరిగిపోవచ్చు. ఎర్తింగ్ ఉన్న, తగిన సామర్థ్యం గల సాకెట్‌లోకి నేరుగా పెట్టాలి. అరగంట కన్వెక్షన్ తర్వాత ప్లగ్ చేతికి చురుక్కుమంటే సాకెట్ వదులైందని అర్థం, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

చేతులు కాలకుండా ఎలా తీయాలి?

రెండు చేతులకూ పొడి ఓవెన్ గ్లవ్స్ వేసుకోండి. తడిసిన గ్లవ్ వేడిని తొందరగా చర్మానికి చేరవేస్తుంది కనుక పనికిరాదు. మైక్రోవేవ్ అలవాటు ఉన్నవారు కప్పు తీసినంత తేలికగా చేయి లోపలికి పోనిస్తారు. ర్యాక్ మీది గిన్నెను పైకెత్తేటప్పుడు మణికట్టు వెనుక భాగం పైనున్న గ్రిల్ కడ్డీకి తగులుతుంది. మణికట్టు దాటి పైదాకా వచ్చే పొడవాటి గ్లవ్స్ అందుకే మంచివి. తలుపు తెరిచి క్షణం ఆగితే వేడిగాలి బయటికి పోతుంది. గిన్నె మూతను మీకు దూరంగా ఉన్న అంచు నుంచి ఎత్తండి, అప్పుడు ఆవిరి అటు పోతుంది.

మొదటిసారి కన్వెక్షన్ వాడితే పొగ, వాసన వచ్చాయి. పాడైందా?

లేదు. తయారీలో కడ్డీలకు అంటిన నూనె పూత కాలిన వాసన అది. పుస్తకంలో చెప్పిన ఉష్ణోగ్రతలో, చెప్పినంతసేపు, కిటికీలు తెరిచి, కన్వెక్షన్ మోడ్‌లో ఖాళీగా ఒకసారి నడిపితే పోతుంది.

వంట ముగిశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది.

లోపలి భాగాలు చల్లబడడానికే అలా తిరుగుతుంది. అది ఆగే వరకు ప్లగ్ తీయకండి.

శుభ్రం ఎలా చేయాలి?

పూర్తిగా చల్లబడ్డాక, ప్లగ్ తీసి, మెత్తటి తడిగుడ్డతో, కాస్త పాత్రలు తోమే ద్రవంతో తుడవాలి. మాడిన మరకలు వదలకపోతే ఒక గాజు గిన్నెలో నీళ్ళు, నిమ్మ ముక్కలు, ఒక చెక్క చెంచా వేసి మైక్రోవేవ్ మోడ్‌లో మూడు నాలుగు నిమిషాలు నడిపి, మరో ఐదు నిమిషాలు తలుపు మూసే ఉంచితే ఆవిరికి నాని తేలికగా వస్తాయి. ఇనుప పీచు వాడవద్దు: పూత గీరుకుపోతుంది, తెగిన తీగముక్కలు లోపలే ఉండి తర్వాత మెరుపులకు కారణమవుతాయి. పుస్తకం అనుమతిస్తే తప్ప ఘాటైన ఓవెన్ క్లీనర్లు కూడా వద్దు. తలుపు అంచుల దగ్గర, తలుపు ఆనే చట్రం మీద జిడ్డు పేరుకుంటే తలుపు సరిగా బిగుసుకోదు కనుక ఆ చోట్లను ప్రత్యేకంగా తుడవాలి. గోడల మీద మిగిలిపోయిన నూనె తర్వాతిసారి 200 డిగ్రీల దగ్గర పొగలు కక్కుతుంది. ఈ విషయంలో కాంబినేషన్ ఓవెన్ మామూలు మైక్రోవేవ్‌కన్నా ఎక్కువ శుభ్రత కోరుతుంది.

పిల్లలు ఉన్న ఇంట్లో?

చైల్డ్ లాక్ వాడండి. కానీ ఆ లాక్ బటన్లను మాత్రమే ఆపుతుంది, కాలిన తలుపును చల్లబరచదు. కన్వెక్షన్ నడిచేటప్పుడు, ఆ తర్వాత మరో అరగంట చిన్నపిల్లలను దూరంగా ఉంచాలి. మైక్రోవేవ్ వాడడం నేర్చిన పెద్దపిల్లలకు కూడా కన్వెక్షన్ బటన్‌ను విడిగా, వేరే పాఠంగా నేర్పాలి.

ఎప్పుడు వాడడం ఆపాలి? చిన్న రిపేర్లు ఇంట్లో చేసుకోవచ్చా?

తలుపు వంగినా, గాజు పగిలినా, కీలు వదులైనా, తలుపు పట్టుకోకుండానే తెరుచుకుంటున్నా, తలుపు తెరిచాక కూడా ఓవెన్ నడుస్తున్నట్టు అనిపించినా, ముట్టుకుంటే షాక్ కొట్టినా వెంటనే ప్లగ్ తీసి వాడకం ఆపాలి. బల్బు, మైకా రేకు వంటివి బయటి నుంచే మార్చుకునేలా కొన్ని మోడళ్ళు ఉంటాయి. పుస్తకంలో పద్ధతి రాసి ఉంటే అంతవరకు చేసుకోవచ్చు.

బయటి లోహపు తొడుగు స్క్రూలు మాత్రం విప్పకూడదు. మాగ్నెట్రాన్‌ను నడపడానికి లోపల వేల వోల్టుల విద్యుత్తు తయారవుతుంది, దాన్ని నిలవ ఉంచే కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా కొంతసేపు ప్రాణాంతకమైన ఆవేశాన్ని దాచుకుని ఉంటుంది. మిగతా ఇంటి ఉపకరణాలను విప్పి బాగుచేసుకునే నేర్పు ఉన్నవారు ఇదీ అటువంటిదే అనుకోవడం వల్లనే ఈ హెచ్చరిక అవసరమవుతోంది. పాత ఓవెన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్‌ను బయటికి తీసి వేరే ప్రయోగాలకు వాడడం కూడా అంతే ప్రమాదం. దాని నుంచి తగిలే షాక్‌కు రెండో అవకాశం ఉండదు. తలుపు, తలుపు స్విచ్‌లు, మాగ్నెట్రాన్ మార్పించాక, లీకేజీ మీటరుతో కొలిచి చూపించమని సర్వీసు మనిషిని అడగండి. అది అడిగి తీరవలసిన పరీక్షే, వారి దగ్గర ఆ మీటరు ఉండాలి కూడా. పనికిరాని ఓవెన్‌ను పారవేసేటప్పుడు వైరును కత్తిరించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలను సేకరించే చోట అప్పగించండి.